పన్నెండో నంబరు స్లైడు

చుక్కలక్క కుదురుగా కూర్చునే చోటు మైక్రోస్కోపు ముందు మాత్రమే. మిగతా వేళల్లో కాలుగాలిన పిల్లే. క్యాన్సర్ ఆస్పత్రి వెనక ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని చుక్కలు లెక్కపెట్టడం, పేరు కూడా అందుకే వచ్చింది. బుగ్గ లోపల గీకి తీసిన కణాలకు రంగు వేస్తారు. క్రోమోజోములు దెబ్బతిన్న కణంలో, కేంద్రకం పక్కన ఒక చిన్న చుక్క మిగిలిపోతుంది. నోట్లో పుండు కనబడకముందే ఆ చుక్కలు పెరగొచ్చు. వెయ్యి కణాల్లో రెండో మూడో అయితే ఫరవాలేదు.

పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల స్లైడ్లూ కావాలి. అందుకు ల్యాబువాళ్లు ఎప్పుడూ సొంతింటివాళ్లనే పట్టుకొస్తారు. ఇంట్లోవాళ్లంటే కడిగిన ముత్యాలని వీళ్ల నమ్మకం! ఈసారి చుక్కలక్క తన తమ్ముణ్ణి తెచ్చింది. లారీ డ్రైవరు. పొగాకు నమలడం మానేసి మూడేళ్లయిందని అక్క మీద ఒట్టేసిన మనిషి. ఏది ఎవరిదో లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదని పేర్ల మీద కాగితం అంటించి నంబర్లు వేశారు.

పన్నెండో నంబరులో పద్నాలుగు చుక్కలు. "పాపం, ఎవరో ఏమో" అనుకుని రాసుకుంది. అన్నీ అయ్యాక కాగితాలు ఊడదీస్తే, పన్నెండు తమ్ముడే.

ఆమె ఆ పేరు మళ్లీ మళ్లీ చదువుకుంది. ఒక్క స్లైడూ తారుమారు చేయలేదని ఇన్నేళ్లూ గొప్పలు పోయింది. ఇప్పుడు తప్పు తనదే అయితే బాగుండునని ఆశపడింది. కుర్చీలో కూర్చోలేక లేచింది, లేచి నిలబడలేక కూర్చుంది. మర్నాడు తమ్ముణ్ణి మళ్లీ పిలిచి తనే గీకింది, తనే నంబరు వేసింది. లెక్క మారలేదు.

"ఒరేయ్, ఒట్టు ఎవరి మీద వేశావురా?"

"నీ మీదేగా. గుండ్రాయిలా ఉన్నావుగా అక్కా!" అని నవ్వాడు. "అయినా నాకు నొప్పీ లేదు, గిప్పీ లేదు."

"నొప్పొచ్చినవాళ్లు నా దగ్గరికి రార్రా. ఎదురు బిల్డింగులో డాక్టరు దగ్గరికి వెళ్తారు."

నవ్వు ఆగిపోయింది. "అంటే... వచ్చేసిందా?"

"వచ్చిందని ఈ చుక్కలు చెప్పవు. రాకుండా చూసుకో అంటాయి. డాక్టరుకి నోరు చూపిద్దాం, పద."

అతను మేజోడులోంచి పొగాకు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. చెయ్యి పట్టుకుని ఎదురు బిల్డింగుకి లాక్కెళ్లింది.

కౌంటరులో అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "పేషెంటు పేరు?"

"పన్నెండు," అంది చుక్కలక్క. నాలుక కరుచుకుంది. "కాదమ్మా... మా తమ్ముడు."