ఐదు వందల సీటు

ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా కొట్లాటకు దిగే మనిషిని నేను. జమ్మలమడుగులో నాది కరెంటు సామాన్ల అంగడి. వైరు చుట్ట మీద ఎంత రాసి ఉంటే అంతే తీసుకుంటాను, బయట కొన్నా అంతే ఇస్తాను. అలాంటివాణ్ణి సినిమా టికెట్ బ్లాకులో కొంటానా? "వారం ఆగితే అదే బొమ్మ, అదే తెర, రేటు తక్కువ" అని పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడకు పాఠం చెబుతూనే ఉన్నాను.

ఆమెది పులివెందుల. పుట్టింట్లో ఉన్నంతకాలం తన అభిమాన హీరో సినిమా వస్తే చాలు, అన్నలు మొదటి రోజే వెంటబెట్టుకుని తీసుకెళ్ళేవారట. నా ఇంటికొచ్చాక మొదటి రోజు సినిమా ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. ఆ హీరో కొత్త సినిమా వస్తోందనగానే ఈసారి ముందే తేల్చేసింది.

"ఈ తూరి ఫస్టు రోజే చూడాల మామా. హీరో వచ్చేటప్పుడు కాగితాలు చల్లుతారు సూడు, అప్పుడు నేనాడ ఉండాల. అంతా అయిపోయినంక పోయి ఖాళీ కుర్చీలు చూసొచ్చేదేంది?"

ఫోనులో బుకింగ్ తెరిచిన కాసేపటికే సీట్లన్నీ నిండిపోయాయి. అయినా పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కాం. అక్కడొక హాల్లో ఇప్పటికీ కొన్ని టికెట్లు కౌంటర్లో ఇస్తారు. ఆడవాళ్ళ కౌంటర్ పక్క సందులో వేరుగా ఉంటుంది, మనిషికి నాలుగు దాకా దొరుకుతాయి. ఆమె కొంగు బిగించి ఆ సందులోకి దూరింది. నేను గేటు దగ్గర బోండాల బండి పక్కన నిలబడ్డాను.

డప్పులు, ఈలలు, టపాకాయలు. ఆమెకు ఫోను చేసినా వినిపించే దారి లేదు. ఇంతలో హౌస్‌ఫుల్ బోర్డు తగిలించేశారు. ఉత్త చేతులతో తిరిగొచ్చే మనిషి మొహం ఎలా చూడాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడే బక్కపలచటి మనిషొకాయన పక్కన చేరాడు.

"బాల్కనీ రెండుండాయి మామా. ఒగోటి ఐదొందలు."

"టికెట్ మీద నూటయాభై అనే ఉంది గదప్పా!"

"అది కౌంటర్ రేటు. కౌంటర్ మూసినారు గదా. పేర్లు పడేదాకా ఐదొందలు. హీరో వచ్చినంక మున్నూరు. ఫస్టు పాట అయిపోయినంక నువ్వెంతిస్తే అంత. ఆగితే ఆగు, నాకేంది?"

నేను ఇన్నేళ్ళుగా ఇంట్లో చెబుతున్న పాఠాన్నే నాకు తిరిగి అప్పజెప్పాడు. ఆగితే చవకే. కానీ ఆగితే కాగితాలు చల్లడం అయిపోతుంది. పళ్ళు కొరుకుతూ వెయ్యి రూపాయలు వాడి చేతిలో పెట్టాను.

టికెట్లు జేబులో వేసుకున్నానో లేదో, జడ చెదిరి, చెమటకు తడిసి ముద్దయి, మా ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది. చేతిలో రెండు టికెట్లున్నాయి.

"మనకు సినిమా ఫ్రీ మామా! నాలుగు తీసుకున్న్యా. సందు మొగదల్లో ఒక బక్కాయన డబలిస్తానన్న్యాడు. రెండు ఆయప్పకు ఇచ్చేస్తి. నాలుగింటి దుడ్లూ వచ్చేసినాయి."

జేబులోంచి నా టికెట్లు తీసి ఆమెవాటి పక్కన పెట్టాను. ఒకే వరుస, పక్కపక్క నంబర్లు. ఆమె అమ్మినవే నేను కొన్నాను. బోండాలాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు బ్లాకులో కొన్న్యావా? నువ్వా? ఎంతకు?"

"ఒగోటి ఐదొందలు."

"నాకోసరమా?"

"లేకుంటే బోండాలాయన కోసరమా?"

ఆమె ఆ రెండు టికెట్లనూ తిప్పి తిప్పి చూసుకుంది. నా వెయ్యి పోయిన మంట అక్కడే సగం చల్లారింది.

ఎర్రగుంట్ల బస్సు ఆలస్యమై, రొప్పుతూ వచ్చిన కొత్త జంట ఒకటి బోర్డు చూసి నీరుగారిపోయింది. మిగిలిన రెండూ వాళ్ళకు నూటయాభై లెక్కనే ఇచ్చాను. నా సిద్ధాంతంలో కొంతైనా మిగలాలి కదా! అయితే మా ఆవిడ తన కౌంటర్ టికెట్లు వాళ్ళ చేతిలో పెట్టి, నేను కొన్నవి రవికెలో దోపుకుంది.

"ఏ రెండైనా ఒకటే గదమ్మే, అన్నీ పక్కపక్కవే."

"నువ్వుండు మామా."

తీరా లోపలికెళితే మా కుర్చీల్లో దూది లేచిపోయి స్ప్రింగులు పొడుస్తున్నాయి. పక్కన ఆ జంట కూర్చున్నవి మెత్తగా, కొత్త తొడుగులతో ఉన్నాయి. హీరో వచ్చాడు, కాగితాలు ఎగిరాయి. మా ఆవిడ నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేసింది. అంత ఈల ఆమెలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. చూసి భలే సంబరమనిపించింది.

ఇంటర్వెల్లో ఆమె నడుము పట్టుకుని లేస్తుంటే చూడలేకపోయాను. "వాళ్ళనడిగి సీట్లు మార్చుకుందామా?" అన్నాను.

జుట్టులో ఇరుక్కున్న కాగితం ముక్క తీసుకుంటూ నావైపు ఎగాదిగా చూసింది.

"నూటయాభై సీట్లో కూచుండేదానికా నేనింత దూరం వచ్చింది?"