అయిదు అచ్చులూ, మిర్చి బజ్జీలూ

మా కంపెనీ బండి పొద్దున ఆరింటికి మైలార్‌దేవ్‌పల్లిలో నన్ను ఎక్కించుకునేది. ఎయిర్‌పోర్టులో నాది నేల తుడిచే పని. ఎనిమిదేళ్లు తుడిచాక మోకాళ్లు మొరాయించాయి. కూర్చుని ప్రయాణికులకు దారి చెప్పే కౌంటర్లో ఖాళీ ఉందంటే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అట. నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియం.

ఆరాంఘర్‌లో ఒక సారు ఎక్కేవారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, కార్గో ఆఫీసులో ఉద్యోగం. ఆయనకు ఇంగ్లీషు మాటల్లోని ఏ, ఈ, ఐ, ఓ, యూ అచ్చుల పిచ్చి. సీట్లో సర్దుకోగానే మొదలు. ‘‘అయిదే అక్షరాలు, అందులో నాలుగు అచ్చులు వరసగా రావాలి. చెప్పండమ్మా!’’ అది వరసలో నిలబడే క్యూ అట. అయిదు అచ్చుల్లో ఒక్కటీ లేని మాట రిథమ్ అట. చెప్పలేనివాళ్లు మర్నాడు తిరుగు బండిలో అందరికీ మిర్చి బజ్జీలు పెట్టాలి. నన్ను చూడగానే బజ్జీలాయన మూకుడులో నూనె పోసేవాడంటే నా సంగతి అర్థం చేసుకోండి.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

‘‘నాలుగు ముక్కలు మాట్లాడుడు నేర్పున్రి సార్. గీ అచ్చులతోని నాకేం పని?’’

‘‘మాటలంటే భయం పోవాలంటే ముందు వాటితో ఆడుకోవాలమ్మా’’ అన్నారాయన.

నేను నమ్మలేదు. అయినా నేల తుడుస్తూ తలెత్తి, బోర్డుల మీది అచ్చులు ఏరుకోవడం అలవాటైంది.

ఇంటర్వ్యూలో ఒక మేడమ్‌తో కలిపి ముగ్గురు కూర్చున్నారు. తడబడుతూనే జవాబులు చెప్పాను. చివర్లో, మీరేమైనా అడుగుతారా అన్నారు మేడమ్. నా నోట బండిలో మాటే వచ్చింది.

‘‘వన్ వర్డ్ మేడమ్. ఏ, ఈ, ఐ, ఓ, యూ, ఆల్ ఫైవ్. టెల్!’’

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఒకాయన పైకప్పు వంక చూస్తూ వేళ్లు మడిచారు. నేను ఎక్కడున్నానో మరిచిపోయాను.

‘‘ఎడ్యుకేషన్! ఓడిపోయిన్రు. రేపు బజ్జీలు మీవే!’’

అన్నాక గానీ ఎక్కడున్నానో గుర్తురాలేదు. ఉద్యోగం బజ్జీల పాలైందనుకుని, నమస్కారమైనా పెట్టకుండా బయటపడ్డాను. సాయంత్రం బండిలో సంగతి చెబితే, ‘‘తప్పు నాదేనమ్మా’’ అన్నారు సారు. మర్నాడు పొద్దున ఆయన ఏ మాటా అడగలేదు. బండంతా బోసిగా ఉంది. ఉద్యోగం పోయిందన్న దానికంటే ఆయన మొహం చూస్తేనే ఎక్కువ బాధేసింది.

ఆ మధ్యాహ్నం నేను తుడుస్తున్న చోటుకే మేడమ్ వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో నూనె మరకల పొట్లం.

‘‘ఓడిపోయాం కదా’’ అన్నారు. ‘‘సోమవారం నుంచి కౌంటర్‌కి రండి.’’

తుడుపు కర్ర పట్టుకునే ఏడ్చేశాను. ఎవరు చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది.

పొట్లం విప్పకుండా తిరుగు బండి దాకా దాచాను. ఎక్కగానే సారు చేతిలో పెట్టాను. ఆయన తెరిచి, చల్లారిన బజ్జీల వంక చూశారు.

‘‘నిన్న బండిలో ఎవరూ ఓడలేదే. మరి ఎవరు ఓడారమ్మా?’’

‘‘నన్ను ఇంటర్వ్యూ చేసినోళ్లు, సార్!’’