వెనక చక్రం ఐదో నట్టు

ముందే చెప్తున్నా, దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ అంతే.

మాది కంకిపాడు. నేత చీరల మూటలు బెజవాడ కొట్లకు చేరవేసే మినీ లారీ ఉంది మాకు. మా ఆయన కామెర్లతో పోయాక నేనే తోలుతున్నా. ఆ బండి అచ్చిరాలేదు, అమ్మేయమని మా మరిది ఒకటే పోరు. మొన్న ఎండల్లో వెనక చక్రం స్టడ్డు, అదే నట్టు ఎక్కే బోల్టు, ఒకటి విరిగింది. ఇదే అదనని, సాయంత్రం బేరగాణ్ణి తీసుకొస్తున్నానని ఫోన్ చేశాడు. ఒళ్లు మండిపోయింది నాకు. బండి పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మెకానిక్ ఊళ్లో లేడు. కొత్త స్టడ్డు కొనుక్కొచ్చి నేనే కూర్చున్నా. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, విరిగిన ముక్కని సుత్తితో కొట్టి బయటికి తోశా. కొత్తది వెనక నుంచి ఎక్కించి, చక్రం పెట్టి, ఐదు నట్లూ బిగించా. పానా మీద ఎక్కి నిలబడి మరీ బిగించా. సుత్తి లోపలికి తెచ్చి పక్కన పెట్టుకుని చేతులు కడుక్కుంటున్నా.

వాకిట్లో చప్పుడు. నట్ల మీద ఒక్కొక్కటిగా కొడుతున్నారు. నాలుగు ఖంగుమన్నాయి, ఐదోది డబ్‌మంది. తర్వాత టైరు మీద అరచేత్తో రెండు చరుపులు. బండి తీసే ముందు రోజూ మా ఆయన చేసే పనే అది.

ఎవడో వెక్కిరిస్తున్నాడని ఆ సుత్తే అందుకుని పరుగెత్తా. గేటు గడియ వేసే ఉంది. వాకిట్లో మనిషన్నవాడు లేడు. సుత్తి నా చేతిలోనే ఉంది.

మంచం దిగలేని మా అత్తగారు లోపల్నుంచి, "వాడొచ్చాడుగా, అన్నం పెట్టవే," అన్నారు. కోపమొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

నట్టు వదులైతేనే అలా డబ్‌మంటుంది. పానా పెట్టి చూస్తే ఐదో నట్టు తేలిగ్గా తిరిగింది, మళ్లీ బిగించా. కొత్త స్టడ్డు కదా, సర్దుకుని ఉంటుంది. అది నేను చెప్పగలను. ఆ చప్పుడెవరిదో మాత్రం చెప్పలేను. అత్తగారూ విన్నారు కాబట్టి నా భ్రమ అనడానికీ లేదు.

సాయంత్రం బేరగాడొస్తే అత్తగారు ఉన్నదున్నట్టు చెప్పేశారు. అతను టీ కూడా తాగకుండా లేచాడు. ఇక మా మరిది అందుకున్నాడు, దయ్యం పట్టిన బండిని పాత ఇనుముకైనా వేసేయమని.

"ఉంటే ఉండనీ అబ్బాయ్. నట్లు చూసిపెట్టే దయ్యాన్ని ఎవరైనా అమ్ముకుంటారా?" అన్నా.

మర్నాడు లోడెత్తా. బయల్దేరే ముందు నట్లన్నీ నేనే కొట్టి చూసుకున్నా. ఇప్పటికీ రోజూ చూసుకుంటా. టైరు మీద ఆ రెండు చరుపులు మాత్రం కొట్టను. అవి ఆయనవి.