కేదారం దారిలో బంగాళాదుంప

కేదారం యాత్ర అంటే నాకు గుడికంటే ముందు కొల్లేటికోట ఆవిడే గుర్తొస్తుంది. మా గుంపులోనే ఉండేది. పేరడిగే ఓపిక నాకెక్కడిది, ఆవిడతో అప్పటికే విసిగిపోయి ఉన్నాను. వానలకు దారి తెగి పైకి బియ్యం, పిండి రావడం లేదు. బసలో ఉడికించిన బంగాళాదుంపలే పెడుతున్నారు. ఆవిడేమో వాటిని ముట్టదు.

"కాశీలో దుంప వదిలేశానండీ," అంది.

"ఇష్టమైనది కదమ్మా వదలాల్సింది?"

"మా ఇంట్లో దుంప వండనే వండమండీ. వదిలినా బాధుండదనుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. "దేవుడి దగ్గరా మీ తెలివితేటలు!"

ఇంతలో తెలుగు వచ్చిన మా గైడు వచ్చి, "తినకపోతే ఎక్కలేవమ్మా. నువ్విక్కడే ఉండు, మేం దర్శనం చేసుకొస్తాం," అనేశాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. దుంపల వంక చూసి, మంచుకొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

"స్వామీ, నన్ను దుంప తిననివ్వండి. బదులుగా కొరమేను వదిలేస్తున్నానండీ. ఈ జన్మలో ఇక ముట్టను."

అలా అని బావురుమంది. కొల్లేటి మనిషి కొరమేను వదలడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆవిడ ఏడుస్తూనే గబగబా దుంపలు తినేసి, కర్ర పట్టుకుని లేచింది.

"ఇంకా కూర్చున్నారేంటండీ? మీవల్లే ఆలస్యం!" అంది నాతో.