రెండో కెమెరా మా మేనమామ

ఆ రోజుల్లో అంటే తిరగలి, రోకలి కాలం సంగతి అనుకునేరు. కాదు. ఎవరి పెళ్లయినా, ఎవరి ఆటయినా మంచం మీద పడుకుని ఫోన్లో చూడగలిగే ఈ కాలమే. కాకపోతే అప్పుడు నాకు డిగ్రీ కొత్తగా అయిపోయింది. ప్రపంచమంతా నా నెత్తికి ఒక హెడ్‌సెట్ తగిలించడానికి ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం. అంత నమ్మకం మనిషికి ఒక్కసారే వస్తుంది. అది వచ్చినప్పుడు పక్కన నవ్వేవాళ్లు ఒకరుంటే ఆరోగ్యానికి మంచిది. నా పక్కన మా అత్త ఉండేది.

మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్. ఇంటర్ నుంచీ జనగామలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. మామకు బస్టాండుకు పోయే దారిలో ఫోటో స్టూడియో ఉండేది. "గడ్డం లేపు, కండ్లు పెద్దగ చెయ్యి, ఊపిరి పట్టు" అని పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ ఆజ్ఞాపించడం ఆయన వృత్తి. (ఆ చుట్టుపక్కల హాల్‌టికెట్ల మీద నీళ్లలో మునిగి లేచినట్టు కనిపించే ముఖాలన్నీ ఆయన చలవే.) ఇంట్లో మాత్రం ఆయనకు మేం ఏదైనా చెప్పాలంటే ముందు "మామా" అని పిలవాలి, ఆయన తల తిప్పేదాకా ఆగాలి, "ఏమనుకోకే" అని ఒక మెత్తటి మాట వెయ్యాలి, ఆ తర్వాతే అసలు సంగతి. భయంతో కాదు. తన తమ్ముడితో ఎలా మాట్లాడాలో మా అమ్మ మాకు చిన్నప్పుడే నేర్పిన పద్ధతి అది.

అలాంటి మామ, ఫంక్షన్ హాళ్లలో అందరూ పెద్ద తెర అడుగుతున్నారని, లైవ్ అడుగుతున్నారని, ఉన్నదంతా ఊడ్చి మూడు కెమెరాలు, వాటి బొమ్మలను మార్చి మార్చి చూపించే మిక్సరు కొన్నాడు. కొన్నాక తెలిసింది, వాటిని నడపడం ఎవరికీ రాదని. అందుకని హైదరాబాద్ నుంచి ఒక సారును పిలిపించాడు. ఆయన స్టూడియో మేడ మీద మమ్మల్నందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఎవరి పని ఏమిటో చెప్పాడు. డైరెక్టరంటే మెడలో తువ్వాలు వేసుకుని "కట్" అని అరిచేవాడనుకున్న నాకు అక్కడే కళ్లు తెరుచుకున్నాయి. ఇక్కడ డైరెక్టర్ పెళ్లినో, ఆటనో నేరుగా చూడనే చూడడట, తెరల మీది బొమ్మలనే చూస్తాడట. ఏ కెమెరా దేన్ని పట్టుకోవాలో హెడ్‌సెట్‌లో చెబుతాడట, వాటిలో ఏది జనానికి పోవాలో ఆ క్షణంలోనే తేల్చుకుంటాడట. బొమ్మ మార్చే మీట నొక్కడానికి పెద్ద చోట్ల వేరే మనిషి ఉంటాడు, మనకు ఆ భోగం లేదు కాబట్టి డైరెక్టరే నొక్కుకోవాలి అన్నాడు సారు.

"కెమెరా వాళ్లు నోటితో జవాబు చెప్పకూడదు. అందరూ మాట్లాడితే డైరెక్టర్ మాట ఎవరికీ వినపడదు. అవునంటే కెమెరాను కొంచెం పైకీ కిందికీ ఆడించండి. కాదంటే ఎడమకూ కుడికీ. ఆయన తెర మీద చూసి అర్థం చేసుకుంటాడు" అన్నాడు.

"అంటే గంగిరెద్దు తీరు తలకాయ ఊపుడా సారూ?" అని మామ అడిగాడు.

"అంతే. ఇంకో మాట. హెడ్‌సెట్ పెట్టుకున్నాక చుట్టాలుండరు. నంబర్లే ఉంటాయి. ఒకటి, రెండు, మూడు. పేర్లు పెట్టి, వరసలు పెట్టి పిలిచారంటే ఆట అయిపోతుంది."

ఆ మాట నేను నోటుబుక్కులో రాసి, కింద గీత కూడా గీశాను. గీసినంత మాత్రాన ఏం లాభమో తర్వాత తెలిసింది.

పనులు పంచారు. ఒకటో కెమెరా, హాలైనా మైదానమైనా అంతా కనిపించేది, స్టూడియోలో పనిచేసే స్టాండన్నకు. స్టాండు మీద కెమెరా పెట్టాక ఆయన కూడా స్టాండైపోతాడు, అదే ఆయన గొప్ప. భుజం మీద మోసే మూడో కెమెరా కొత్తగూడ దిక్కు తండా నుంచి వచ్చిన ఉరుకుడన్నకు. రెండో కెమెరా, దగ్గరి బొమ్మలు పట్టుకునేది, యజమాని కనుక మామకు. కెమెరాలకు అడ్డొచ్చే జనాన్ని జరిపి, డైరెక్టర్ మాటను అక్కడ అమలు చేసే ఫ్లోర్ మేనేజర్ పని అత్తకు. అత్తకు సారు ఏమీ నేర్పలేదు. పెళ్లి భోజనాల దగ్గర తొందరపడి లేచిన పంక్తిని ఒక్క చూపుతో మళ్లీ కూర్చోబెట్టే మనిషి ఆవిడ. ఇక డైరెక్టర్ కుర్చీకి సారు ఏదో పరీక్ష పెట్టి, మూడు బొమ్మలు ఒకేసారి చూడగలిగేది నేనొక్కదాన్నే అని తేల్చాడు.

"ఫోన్ చూసుకుంట, టీవీ చూసుకుంట, అన్నం తినే పిల్ల. గామె చూడకుంటె ఇంకెవరు చూస్తరు?" అంది అత్త.

మామకు మాత్రం ఒక తిప్పలు వచ్చింది. కెమెరా నెత్తిన ఎర్ర బల్బు వెలిగితే ఆ బొమ్మే జనానికి పోతోందని గుర్తు. మామ పాత కెమెరాలో ఎర్ర బల్బు వెలిగితే బ్యాటరీ అయిపోయిందని గుర్తు. దాంతో ఆయన బొమ్మ లైవులోకి పోయినప్పుడల్లా చెయ్యి దానంతటదే పోయి బ్యాటరీ పీకేసేది. ఆ అలవాటు మాన్పించడానికి సారు అదనంగా ఒక పూట ఉండాల్సి వచ్చింది.

ఇదంతా మా బాపుకు, అంటే మా నాన్నకు, నచ్చలేదు. నాకోసం అప్పటికే బి.ఎడ్. సీటు చూసి పెట్టుకున్నాడు. చివరికి అమ్మ పోరు పడలేక ఫోన్లో ఒక ఒప్పందానికి వచ్చాడు. "ఒక్క లైవు చెయ్యి బిడ్డా. నేనింటికాడ ఫోన్ల చూస్త. నాకు సమజైతే గా కుర్చీ నీది. కాకుంటె సప్పుడు చెయ్యకుంట బి.ఎడ్.ల చేరాలె." నేను సరేనన్నాను. కబడ్డీ అంటే బాపుకు ప్రాణం, గూడూరులో కబడ్డీ పోటీల లైవు మాకు దొరికింది, ఇంకేం కావాలి అనుకున్నాను.

గూడూరు బడి మైదానం. పొద్దున్నే టెంటు కింద మూడు తెరల ముందు కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకున్నాను. మామ కెమెరా మంచె సరిగ్గా కోర్టు మధ్యగీత ఎదురుగా ఉంది. మొదటి ఆట మొదలైంది. రెయిడర్ అవతలి జట్టులోకి దూసుకుపోయాడు. నా ముందు రెండో తెర మీద మాత్రం ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మీసం, అది కూడా ఎంతో అందంగా, మెల్లమెల్లగా దగ్గరకు వస్తోంది. మామ చెయ్యి జీవితమంతా ముఖాలకే అలవాటు పడింది, ఆటకు రమ్మంటే ఎలా వస్తుంది?

"రెండు, కోర్టు మీదికి" అనాలి నేను. మూడు మాటల పని. నా నోట్లోంచి వచ్చింది ఇది. "మామా... ఏమనుకోకే... నీకు వీలైతే జర కెమెరా కోర్టు దిక్కు తిప్పుతవా?"

"ఏ దిక్కు కోడలా?" అన్నాడు మామ, నోటితోనే.

"గటే మామా, ఆడుతున్న దిక్కు."

"ఆఁ, గట్ల చెప్పు" అని ఆయన తిప్పేసరికి రెయిడర్ వెళ్లి, తాకి, వెనక్కి వచ్చి, నీళ్లు తాగుతున్నాడు. తర్వాతి రెయిడూ అంతే. కబడ్డీలో ఒక రెయిడుకు ఎంత సమయం ఇస్తారో, మా ఇంటి మర్యాదకు దానికంటే కొంచెం ఎక్కువ పడుతుంది. పొద్దుటి ఆటలన్నీ అలాగే గడిచాయి. జనానికి ఒకటో కెమెరాలో చీమల్లా ఆటగాళ్లు, రెండో కెమెరాలో గూడూరు మండలంలోని అందమైన ముఖాలన్నీ కనిపించాయి. లైవు కింద ఎవరో రాశారు, "అన్నా, పెండ్లిపిల్ల ఎప్పుడొస్తది?" అని.

మధ్యాహ్నం టెంటు వెనక అన్నాలు తింటుంటే బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, ఆట ఏడున్నది? పాయింటు ఎవరికొచ్చిందో చూద్దామంటె నీ మామ మీసాలు చూపెడుతుండు. నాకైతే సమజైతలేదు." పక్కనే ఉన్న మామ విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పరేషాన్ కాకు కోడలా. ఫైనలుకు నేను కూసుంట, నువ్వు జర ఆరాం చెయ్యి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే నాకు ఏడుపొచ్చింది. కోపంగా అంటే ఎదురు చెప్పి ఉండేదాన్ని.

అత్త నా పళ్లెంలో పెరుగు వేస్తూ, మామ వినకుండా అంది, "నీ మామకు బతిమాలి చెప్తె పని కాదు పిల్లా. నా లగ్గం అయిన సంది నేను బతిమాలుతున్న, ఏమన్న అయ్యిందా? నువ్వు మామకు చెప్పకు. కెమెరాకు చెప్పు. కెమెరాకు ఏ వరసా లేదు."

ఫైనలుకు నేను లేచి పోయి అదే కుర్చీలో కూర్చున్నాను. "నేనే చేస్త మామా" అన్నాను. మామ పోయి మంచె ఎక్కాడు.

గూడూరు జట్టుకూ, భూపాలపల్లి నుంచి వచ్చిన బొగ్గుబాయి కార్మికుల జట్టుకూ ఫైనల్. "ఒకటి, అట్లనే ఉండు. మూడు, బెంచీ దిక్కు ఉరుకు." అవి బాగానే వచ్చాయి నాకు. రెండుకు వచ్చేసరికి మాత్రం ముందు "మామా" అనే నోటిదాకా వచ్చేది. కళ్లు గట్టిగా మూసుకుని, "రెండు... కోర్టు" అనేదాన్ని. కాసేపు బాగానే నడిచింది. ఆట చివరికొచ్చింది, చెరిసమానం అయ్యింది. గూడూరు పిల్లవాడు ఆఖరి రెయిడుకు పోయాడు. ఒకడిని తాకాడు. వెంటనే భూపాలపల్లి వాళ్లు ముగ్గురు కలిసి అతని కాళ్లు పట్టేశారు. అతను నేల మీద పాకుతూ మధ్యగీత వైపు చెయ్యి చాపుతున్నాడు. స్టాండన్న కెమెరాలో అదొక మట్టికుప్ప. ఉరుకుడన్నకు అడ్డంగా వాళ్ల వీపులు. గీత సూటిగా కనిపించేది ఒక్క మంచె మీదనుంచే. రెండో తెర మీద చూశాను. ఎవరో ముసలవ్వ, ఆత్రంగా చెంపకు చెయ్యి ఆనించుకుని చూస్తోంది. బొమ్మ బంగారంలా ఉంది.

నాలో ఏం తెగిందో తెలియదు.

"ఏయ్ రెండూ! కండ్లెక్కడ పెట్టినవ్? అవ్వను ఇడిశిపెట్టు! గీత మీదికి రా! చెయ్యి చూపెట్టు, చెయ్యి!"

నేనేం అన్నానో అప్పుడు నా చెవికి చేరింది. రెండో తెర ఒక్క క్షణం కదలకుండా నిలిచింది. తర్వాత ఆ ముసలవ్వ ముఖం కొంచెం పైకి పోయింది, కొంచెం కిందికి వచ్చింది. మామ అవునన్నాడు. పొద్దున్నుంచీ నోటితో వాగిన మనిషి మొదటిసారి కెమెరాతో జవాబు చెప్పాడు. ఆ వెంటనే బొమ్మ గిర్రున తిరిగి, సున్నపు గీతకు అతుక్కుని, దగ్గరకు, ఇంకా దగ్గరకు వచ్చింది. నేను మీట నొక్కాను. మట్టి కొట్టుకున్న రెండు వేళ్లు గీత దాటి ఆనాయి. తెరంతా అవే. వంకర లేదు, వణుకు లేదు. ముఖాలు తీసిన చెయ్యి కదా, ఆ వేళ్లను కూడా ఒక ముఖంలాగే తీసింది.

రెఫరీ గూడూరుకు పాయింట్లిచ్చాడు. వేళ్లు ఆనలేదని భూపాలపల్లి వాళ్లు గొడవకు దిగారు. అంతలో ఒక తమాషా జరిగింది. మా లైవు ఫోన్లలోకి చేరేసరికి కొంచెం ఆలస్యం అవుతుంది. మైదానంలో ఫోన్లు పట్టుకుని ఉన్నవాళ్లకు ఆ వేళ్లు అప్పుడు కనిపించి, జనమంతా రెండోసారి అరిచారు. భూపాలపల్లి కెప్టెన్ ఎవరి ఫోన్లోకో తొంగిచూసి, నవ్వేసి, పడి ఉన్న గూడూరు పిల్లవాడికి చెయ్యిచ్చి లేపాడు.

అందరూ సంబరంలో ఉంటే నేను టెంటులోంచి బయటికి రాలేదు. మామకు నా ముఖం ఎలా చూపించాలో తెలియలేదు. సామాను సర్దుకుని వ్యానెక్కాం. మామ ముందు సీట్లో కూర్చున్నాడు. మహబూబాబాద్ దాకా మాట లేదు. ఊళ్లోకి రాగానే, వెనక్కి తిరగకుండానే అన్నాడు, "కోడలా, రెండుకు ఆకలైతుందట. బండి ఆపమను." అత్త నవ్వడం మొదలుపెడితే జనగామ దాకా ఆపలేదు.

మిర్చి బజ్జీలు తింటుండగా బాపు ఫోన్ చేశాడు. ఆ సంగతి బండెక్కకముందే మామే ఆయనకు చెప్పేసినట్టున్నాడు, అదీ గొప్పగా. "నీ మామను గట్ల ఒర్రినవా బిడ్డా? నిజంగనా?" అన్నాడు బాపు. నేను తప్పయిందని ఏదో గొణిగాను. "తప్పేంది? నా లగ్గమైన కాడి నుంచి మా బామ్మర్దిని ఒక్క మాట అందామంటె మీ అమ్మ అననియ్యలే. ఇగ నువ్వు గా కుర్చీ దిగకు. బి.ఎడ్. గిట్ల ఏమద్దు" అన్నాడు. నా మొత్తం చదువు, పని, జీవితం అలా ఒక బావ, బామ్మర్ది లెక్క మీద తేలిపోయాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద స్టూడియోలో అదే కుర్చీలో కూర్చుంటున్నాను. తెరలు చాలా ఉన్నాయి, మీట నొక్కడానికి వేరే మనిషి కూడా ఉన్నాడు. రోజంతా నంబర్లను కేకలేస్తాను, నంబర్లు తల ఊపుతాయి. వాళ్లెవరూ ఏమీ అనుకోరు, నేనూ అనుకోను. పని హాయిగా సాగుతుంది. కానీ "మామా... ఏమనుకోకే..." అంటూ రెయిడు పొడవునా సాగదీసిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని నవ్వుకుంటాను. దానిమీద నాకు జాలి కంటే ముద్దే ఎక్కువ.

మామ ఇప్పుడు మంచె ఎక్కడం లేదు, మోకాళ్లు. మొన్న వీడియో కాల్ చేసి, "మామా, మోకాళ్లకు దవాఖానకు పోయినవా?" అన్నాను. ఫోన్ బొమ్మ పైకీ కిందికీ ఊగింది. ఫ్యాను, నేల, ఫ్యాను, నేల. "అబద్ధం, పోలేదు!" అని వెనకనుంచి అత్త. నేను పాత గొంతు తెచ్చుకుని, "రెండూ, రేపు పొద్దున దవాఖాన!" అన్నాను. బొమ్మ ఎడమకూ కుడికీ ఊగింది. గోడ, కిటికీ, గోడ.

ఇప్పుడు ఎవరూ రెయిడుకు పోవడం లేదు కదా, తొందరేముంది? హాయిగా వెనక్కి ఆనుకుని, మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా అన్నాను. "మామా... ఏమనుకోకే... నీకు వీలైతే, రేపు పొద్దున జర దవాఖాన దిక్కు పోతవా?"

బొమ్మ కదలకుండా నిలిచింది. తర్వాత మెల్లగా పైకి పోయింది, మెల్లగా కిందికి వచ్చింది.