పైకప్పు చప్పుడు వినే మేడం

ఇప్పటికీ ఎవలింటికి పోయినా ముందు పైకప్పు దిక్కే చూస్త. ఆ అలవాటు మా మేడంది. ములకలపల్లి దిక్కు మా బొగ్గుబాయికి ఆమే పెద్ద. లోపలికి దిగంగనే కర్రతోని పైకప్పును కొట్టి, చెవి వొగ్గి వినేది. టంగుమంటె కప్పు గట్టిగున్నట్టు, "నడువుండ్రి" అనేది; డొల్లగ పలికితె కూలుతదన్నట్టు. అయినా మా గుంపు పెద్ద సర్దారన్న తల ఊపేదాక మేం కదిలేటోళ్లం కాదు. ఆడామె చెప్పినా మొగోడు ఊ అంటెనే కదిలే గీ బుద్ధి, అడవి పక్కనోళ్లం మాకే ఉన్నదనుకున్న.

బొగ్గు కోసే కొత్త మిషిను నడిపిచ్చెటందుకు విదేశం నుంచి ఒక ఇంజనీరొచ్చిండు. ఆ పొద్దు పైకప్పు పగిలిన కుండ లెక్క డొల్లగ పలికింది.

"మిషిను పెట్టొద్దు. అందరు బయటికి నడువుండ్రి" అన్నది మేడం. అదే మాట అతనికి ఇంగ్లీషుల చెప్పింది. అతను ఆమెను ఇడిసిపెట్టి, సర్దారన్న దిక్కు తిరిగి ఏందో అడిగిండు. అన్నకు ఇంగ్లీషు రాదు. సుట్టం ఏదో అడిగితె కాదంటమా అన్నట్టు, నవ్వి తల ఊపిండు.

మిషిను మొదలైంది.

"అన్నా, నువ్వన్న చెప్పు, బయటికి రమ్మను!" ఆమె బతిమిలాడంగ వినుడు నాకు అదే మొదలు.

మీదికెల్లి సన్నగ దుమ్ము రాలుతున్నది. మేమందరం సర్దారన్న తల దిక్కే చూస్తున్నం. ఆమె ఒక్కతే పైకి చూస్తున్నది.