లీటరుకు ఎంత దూరం

కారు సంగతి మొదట నా చెవిన వేసింది మా వీధి చివరి అంగడి శెట్టెమ్మక్క. వేంపల్లెలో మా ఇంటికి ఉప్పూ పప్పూ అన్నీ ఆ అంగడి నుంచే వస్తాయి. ఆ రోజు చక్కెర పొట్లం కడుతూ, దారం కొస పళ్ల మధ్య పెట్టుకునే చెప్పింది.

"మ్మే, మా ఇంటెనక రిటైరైన సారు కారు అమ్ముతాడంట. పాతదే గానీ పసిబిడ్డను సాకినట్ల సాకినాడు. లీటరుకు ఇరవై పైనే పోతాదంట. మీ ఆయప్పను దాంట్లో కూర్చోబెట్టుకొని పో. ఆ బస్టాండులో పడి లేసే ఖర్మ తప్పుతాది."

"మాకు కారెందుక్కా?"

"మీకు గాక నాకా? నేను పోయేదంతా గల్లాపెట్టె కాడి నుంచి గోనెసంచుల కాడికి. దానికి కారు గావల్లనా?"

నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. నా కోసం దువా చేయమని, అల్లాను వేడుకోమని నేనెవరినీ అడగలేదు. అయినా ఒక మనిషి చక్కెర తూస్తూ మా కష్టం గురించి ఆలోచించింది. అల్‌హందులిల్లాహ్, అల్లాకే స్తోత్రం అనుకున్నాను.

మా ఇంటాయన ముప్పై ఏళ్లు లారీ తోలారు. నల్లబండలు వేసుకుని మద్రాసుకు, బెంగళూరుకు ఎన్నిసార్లు పోయి వచ్చారో లెక్క లేదు. రెండేళ్ల కిందట మూత్రపిండాలు రెండూ పని చేయడం మానేశాయి. అప్పటినుంచి వారానికి మూడు రోజులు కడప పోయి, నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. మాకు దగ్గరలో మిషను ఖాళీ లేదు. కడపలో దొరికింది, అదీ ఉచితంగా. ఆ మేలు నేను ఏ నమాజులోనూ మరిచిపోలేదు. అక్కడిదాకా పోవడం, రావడం మాత్రం మా పాట్లు. పొద్దున బస్సులో పోయేటప్పుడు ఆయన బాగానే ఉండేవారు. వచ్చేటప్పుడు రక్తమంతా కడిగిన మనిషి, కాళ్లలో సత్తువ ఉండేది కాదు. ఒకరోజు బస్టాండులో మెట్టు దిగబోయి పడిపోయారు. నేను లేపుతుంటే పక్కనున్నవాడు, "పట్టపగలే బాగా ఏసినట్లుండాడు" అన్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆయన చొక్కా దులుపుకున్నారు, అంతే.

బాడుగ కారు మా వల్ల కాలేదు. లారీలో ఆయన వాటా అమ్మినప్పుడు వచ్చిన డబ్బు ఉమ్రా కోసమని, మక్కా యాత్రకని పక్కన పెట్టుకున్నాం. దాన్ని కదిలించడానికి భయపడితే ఆయనే అన్నారు: "అల్లా ఇంటికి పోవల్లంటే ముందు నేను బతికి ఉండల్ల గదా." వడ్డీకి తేవడం మా ఇంట్లో లేదు. ఆ డబ్బులోనే కారు రావాలి, వచ్చిన కారు తక్కువ తాగాలి.

తక్కువ తాగాలన్న మాట మా ఇంట్లో అప్పటికే ఇంకో విధంగా వాడుకలో ఉంది. రోజు మొత్తానికి ఆయనకు లీటరు నీళ్లే. టీ, రసం, మాత్రలు మింగే గుక్క, అన్నీ అందులోనే. తెల్లవారి నమాజు కాగానే నేనొక లీటరు సీసా నింపి అల్మారాలో పెట్టేదాన్ని. ఆయనకు ఏది ఇచ్చినా ఆ కొలతలోంచి తగ్గించాలి. లారీలో ఎండన పడి బిందెడు నీళ్లు తాగిన మనిషి, సాయంత్రానికి సీసాను వెలుతురుకు ఎత్తి ఎంత మిగిలిందో చూసుకునేవారు.

ఒక్కటే చూసి కొనకూడదని ఆయన పట్టు. కడపలో పాత కార్లు అమ్మేచోట కూడా చూశాం. అక్కడొక తెల్లకారు ఉండింది. సారు కారుకంటే కొంచెం ఎక్కువ ధర, అయినా మా చేతికి అందేదే. అమ్మేవాడు నన్ను వెనక సీట్లో కూర్చోమని ఏసీ వేశాడు. చలికాలం వెళ్లిపోతున్న రోజులు. ముసుగు కింద పట్టిన చెమట మీద ఆ గాలి తగలగానే కళ్లు మూసుకున్నాను. ఇంత హాయి ఉంటుందని నాకు తెలియదు.

"ఎంతిస్తాదప్పా?" అని అడిగారు ఆయన.

"ఏసీ ఏస్తే పద్నాలుగన్నా. లేకుంటే పదహారు."

"ఇది కారు గాదప్పా, ఎనుము. కుడితి పోస్తానే ఉండల్ల."

తిరిగి వచ్చేటప్పుడు నన్ను అడిగారు, "నీకేమనిపిస్తాదే?" అని. ఆ చల్లగాలి నోటిదాకా వచ్చింది. కానీ అది నా నఫ్సు, సుఖానికి అలవాటు పడాలని చూసే నా మనసు అనుకున్నాను. జబ్బు మనిషి డబ్బుతో నేను చల్లగా కూర్చోవాలా? సిగ్గుపడి, "మీ ఇష్టం" అన్నాను. ఆ గాలి అవసరం నాకు కాదు, ఆయనకని అప్పుడు తట్టలేదు. నాయన నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. మాట్లాడే ముందు మూడుసార్లు ఆలోచించమని నేర్పారు. ఆలోచించి మాట్లాడకపోవడం కూడా తప్పవుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సారు కారును ఆయన లారీవాళ్ల పద్ధతిలో పరీక్ష పెట్టారు. తెలిసిన మెకానిక్కును పిలిపించి, పెట్రోలు పైపు ట్యాంకు నుంచి ఊడదీసి, లీటరు పెట్రోలు పోసిన సీసాలో పెట్టించారు. ఆ లీటరుతో బండి ఎక్కడ ఆగితే అదీ దాని నిజమైన మైలేజీ.

సారుకు కోపం వచ్చింది. "ఏమప్పా, ఎంత పోసినా ఎంత తోలినా అంతా పుస్తకంలో రాసి పెట్టినా. నా మాటకంటే సీసా ఎక్కువనా?"

"మా నాయన అమ్మినా సీసా పెట్టేది పెట్టేదే సారూ. లారీవాళ్లకు వేరే బడి లేదు."

"అట్లయితే ఇంకోటి గూడా ఇను. ఏసీ పాడై నాలుగేండ్లాయ. ముందే చెప్తాండా, మల్ల అనొద్దు."

"పాడైందే మేలు సారూ. అది తాగేది మాకు మిగుల్తాది. ముప్పై ఏండ్లు ఇంజను పక్కనే కూర్చుంటి, నాకు ఏసీ ఏంది?"

మెకానిక్కు తోలాడు. ఆయన ముందు సీట్లో, సారూ నేనూ వెనక. పొద్దున్నే చల్లని వేళ, ఎదురుగాలి లేదు, అద్దాలు ఎత్తే ఉన్నాయి. కడప రోడ్డు మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయి కారు దగ్గి ఆగింది. ఆయన డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో తట్టి, "ఈ ముసల్ది రంజాను ఉపాసాలు, రోజాలు బాగా ఉంటాదే!" అన్నారు. జబ్బు పడ్డాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నాకు అదే చాలనిపించింది.

డ్రైవరును పెట్టుకుంటే మిగిలేది ఏమీ లేదు. అందుకని నలభై ఆరేళ్ల వయసులో నేనే నేర్చుకున్నాను. ఆయన పక్కన కూర్చుని నేర్పారు. "క్లచ్చును తొక్కొద్దే, దాంతో మాట్లాడు" అనేవారు. మొదటి వారం ఒక మేకను, ఒక గోడను, అంగడి ముందు శెట్టెమ్మక్కను భయపెట్టాను. "కారు సంగతి నీకు చెప్పిందే తప్పయిపాయ తల్లీ!" అని అక్క సంచుల వెనక నుంచి అరిచింది. లైసెన్సు చేతికి వచ్చిన రోజు అల్లాకు కృతజ్ఞతగా, షుక్రానా అని, రెండు రకాతులు నమాజు చదివాను.

ఇంకొక మొక్కు కూడా ఉండింది. కారు క్షేమంగా చేతికి వస్తే, ఎండాకాలమంతా దారిన పోయేవాళ్లకు తాగే నీళ్లు పెడతానని దువాలో మాట ఇచ్చాను. కడపకు సగం దారిలో ఒక బస్సు ఆగే చోటు, వేపచెట్టు, కాస్త దూరంలో చేతి బోరింగు ఉన్నాయి. చెట్టు కింద ఇసుక పోసి రెండు కుండలు పెట్టాను. తడి గోనెపట్ట చుట్టి, గ్లాసుకు గొలుసు కట్టాను. మిగతా రోజుల్లో అక్కడ మేకలు కాసుకునే అవ్వ నింపేది. మిషను రోజుల్లో తిరిగి వచ్చేటప్పుడు కారు ఆపి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి నేనే పోయేదాన్ని. అది నా మొక్కు, వేరేవాళ్ల చేతికి ఇవ్వకూడదని.

ఎండలు ముదిరాయి. మిట్టమధ్యాహ్నం తిరుగు ప్రయాణం. అద్దం దించితే పొయ్యి మీది గాలి, ఎత్తితే పొయ్యిలో కూర్చున్నట్టే. ఆయన పెదవులు తెల్లగా పగిలేవి. నాలుక అంగిలికి అంటుకుని మాట సగం మింగేవారు. నేను సీసా మూతలో కొంచెం పోసి ఇచ్చేదాన్ని. మూతతో నీళ్లు ఇచ్చే భార్యను ఆయన ఎట్లా చూసేవారో రాయలేను.

మిషను ఎక్కే ముందు అక్కడ తూకం వేస్తారు. రెండు తూకాల మధ్య పెరిగిన బరువంతా ఒంట్లో నిలిచిన నీరే. ఒకరోజు నర్సమ్మ ముల్లును చూసి నా వైపు తిరిగింది.

"ఏమ్మా, నాలుగు కేజీలు పెరిగినాడు. ఏం తాపిస్తాండావు ఈయనకు?"

"లీటరేనమ్మా. కొలిచి ఇస్తాండా."

"కొలత నీకు తెలీదా, నాకు తెలీదా? ఊపిరితిత్తులకు నీళ్లు పోతే మేమేం చేయలేము, చెప్తాండా."

నేను ఖురాను మీద చెయ్యి వేసి చెప్పగలను, లీటరుకు మించి ఇవ్వలేదు. ఆయన తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

ఆదివారం మిషను ఉండదు కనుక సోమవారానికి ఒంట్లో నీరు ఎక్కువ చేరుతుంది. అట్లాంటి ఒక సోమవారం సగం దారిలోనే ఆయనకు ఊపిరి అందలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి, చేప నోరు తెరిచినట్టు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నారు. నా చేతులు స్టీరింగు మీద. ఆపితే ఇద్దరం ఆ రోడ్డు మీదే. ఆపకపోతే ఆయన వీపు నిమిరే చెయ్యి లేదు. యా అల్లా, యా అల్లా అంటూ తోలాను, వేరే ఏమీ చేతకాలేదు. ఆ పాత కారు ఆ రోజు మమ్మల్ని దారిలో వదిలేయలేదు. దానికీ రుణపడి ఉన్నాను.

ఆక్సిజను పెట్టి, మిషను వేసి నీళ్లు లాగారు. సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచారు. ఆ వారమంతా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. డాక్టరుగారు మెత్తగానే చెప్పారు, ఎండలో తిప్పితే దప్పిక పెరుగుతుంది, అట్లా తిప్పొద్దని. "మరి ఎట్లా తేవాల సార్?" అని అడిగాను. డాక్టరుగారు కాగితంలోకి చూశారు. ఆయన దగ్గర మాత్రం ఏముంది?

మరుసటి వారం ఆయనను కారులోనే ఉంచి బిందెతో దిగితే, మేకల అవ్వ ఎదురొచ్చింది.

"ఏమ్మా, పోయిన వారం రాలేదే మీ ఆయన? నువ్వు బోరింగు కాడికి పోతానే దిగొచ్చి మూడు గ్లాసులు తాగుతాడు పాపం. 'ఇది పెట్టింది మా ఇంటామె, శానా పుణ్యాత్మురాలు' అంటాడు నాతో."

నా చేతిలో బిందె బరువెక్కింది. కారు దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయనకు అర్థమైంది.

"దొంగతనం గాదే," అన్నారు. "అందరికని పెట్టినావు గదా. నేను అందరిలో ఒకణ్ణి గాదా?"

కోప్పడదామంటే ఆయన దప్పిక కనిపించింది. ఏడుద్దామంటే ఇంకా ఇంటిదాకా కారు తోలాలి.

ఏసీ బాగు చేయమని మెకానిక్కును అడిగాను. "దీనికి సామాను రాదక్కా. పాత బండ్లలోంచి ఊడబెరికి ఎక్కించల్ల. కారు ధరలో సగం అయితాది. ఏసినంక మైలేజీ పదైదుకు పడిపోతాది," అన్నాడు. పక్కనే ఉన్న మా ఇంటాయన, "అప్పుడిది గూడా ఎనుమే" అని నవ్వారు. అమ్మి వేరేది కొనాలన్నా, మేము కొన్న ధర ఎవరూ ఇవ్వరు. ఎండ ముదరకముందే ఇల్లు చేరొచ్చని, తెల్లవారుజాము వరుసలో మిషను ఇవ్వమని అడిగాం. మాకంటే ముందు అడిగినవాళ్లున్నారు. ఒకరి ప్రాణం పోతేనే అక్కడొక మంచం ఖాళీ అవుతుంది. అట్లాంటి ఖాళీ కోసం దువా చేయడానికి నాకు నోరు రాలేదు.

చేయగలిగింది చిన్నదే. కిటికీకి తడి తువ్వాలు కడుతున్నాను. నర్సమ్మ చెప్పినట్టు ఐసుముక్క ఒకటి చప్పరించమని ఇస్తున్నాను. తిట్టిన నోటితోనే ఆ ఉపాయమూ చెప్పింది, అల్లా ఆమెను చల్లగా చూడాలి.

కుండలు తీసేస్తానని ఒకరోజు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నా దప్పిక కోసరం ఊరోళ్ల నోరు ఎండబెట్టొద్దు. నేను దిగను, మాట ఇస్తాండా. నువ్వు బోరింగు కాడికి పోయేటప్పుడు తాళంచెవి తీసుకొని, నా పక్క తలుపు లాకు ఎయ్యి."

అట్లాగే వేస్తున్నాను. ముప్పై ఏళ్లు దేశమంతా తిరిగిన మనిషిని కారులో పెట్టి లాకు వేసి, పరుగున పోయి నీళ్లు పోసి పరుగున వస్తున్నాను. అద్దం నాలుగు వేళ్ల మందం దించి ఉంటుంది. ఆ సందులోంచి ఆయన కుండలను చూడరు, తాగేవాళ్లను చూస్తారు. ఎవరైనా గ్లాసు ఎత్తి గటగటా తాగి మూతి తుడుచుకుంటే, "బాగా తాగినాడు" అంటారు నాతో, తానే తాగినట్టు.

వేంపల్లె నుంచి కడప పోయే దారిలో వేపచెట్టు కింద తడి గోనెపట్ట చుట్టిన రెండు కుండలు కనిపిస్తే, దయచేసి ఆగండి. కడుపు నిండా తాగండి, మొహమాటం వద్దు. తాగాక మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతో, పక్కన ఆగిన పాత కారులోంచి మిమ్మల్ని చూస్తున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.